గాలి మీద కవిత రాసిన అమ్మాయికి

చిరంజీవి అమ్మాయికి, ఆశీస్సులు.

కవిత అందింది. గాలి కష్టానికి ప్రతీక అని చదివేవాళ్లకు తెలుస్తుందా అని అడిగావు. కావలసినదానికన్నా ఎక్కువే తెలుస్తుంది! ‘కష్టాల సుడిగాలి’, ‘బతుకు తుఫాను’ అని నువ్వే విప్పి చెప్పేశాక పాఠకుడికి మిగిలిన పనేముంది? ఆ రెండూ కొట్టెయ్యి. సినిమా పాటలు వాటిని ఎప్పుడో అరగదీశాయి.

నీ కవితకు ప్రాణం మూడో చరణం. తెల్లవారాక తాతగారు తోటలోకి వెళ్లి, పడిపోయిన కొబ్బరిచెట్లను దాటుకుంటూ ఒక్కో మానునూ చేత్తో తడిమి చూస్తారు. అక్కడ కష్టమన్న మాట నీకు అవసరమే పడలేదు, గమనించావా?

మీది శ్రీకాకుళం తీరంలోని ఉద్దానం. 2018 అక్టోబర్ 11 తెల్లవారుజామున తిత్లీ తుఫాను పలాస దగ్గర తీరం దాటినప్పుడు గాలి గంటకు 140 కిలోమీటర్లు మించి వీచింది. కొబ్బరి, జీడిమామిడి తోటలు నేలకొరిగాయి. ఆ గాలి కొన్ని గంటలదే. కొత్తగా పెట్టిన కొబ్బరి మొక్క కాపుకు రావడానికి మాత్రం ఏళ్లు పడుతుంది. పెట్టిన మనిషికి డెబ్బై దాటితే ఆ ఏళ్ల లెక్క వేరు. నీ కవితేమో గాలి ఆగగానే ‘వసంతం వస్తుంది’ అని ధైర్యం చెప్పి ముగించింది. ఎవరికి చెబుతున్నావు, తాతగారికా?

ఇంకో సంగతి. తుఫాను కన్ను నేరుగా పైనుంచి పోయే ఊళ్లలో గాలి మధ్యలో హఠాత్తుగా ఆగిపోతుంది. అయిపోయిందనుకుని జనం బయటికి వస్తారు, పెంకులు సర్దుకుంటారు, పశువులను వెతుక్కుంటారు. కాసేపటికి గాలి ఎదురు దిక్కు నుంచి విరుచుకుపడుతుంది. ఒకవైపు వంగి ఎలాగో తట్టుకున్న చెట్టును రెండోవైపు నుంచి కొడుతుంది. కష్టాన్ని గురించి ఇంతకన్నా నిజమైన మాట నేనైతే కల్పించలేను.

అలాగని గాలిని దుర్మార్గుణ్ణి చెయ్యకు. కళ్లంలో ధాన్యం తూర్పారబట్టేటప్పుడు దాని కోసమే చేటలు పట్టుకుని ఎదురుచూస్తాం. ఇతరుల కవితలు చదివేటప్పుడూ ఇదే చూడు: అది ఏ నెల గాలి, ఎవరింటి మీదికి వచ్చింది, పోతూ ఏం మిగిల్చింది. గాలి అంటే కష్టం, దీపం అంటే ఆశ అని పరీక్ష గైడులా అర్థాలు రాసుకుంటే కవిత చేజారిపోతుంది.

ఆ రాత్రి గాలి ముందు ఏ వైపు నుంచి వచ్చిందో, చెట్ల మొవ్వులు ఏ దిక్కుకు పడ్డాయో తాతగారిని అడుగు. ఆ అరిగిపోయిన మాటలు తీసేసి మళ్లీ పంపు, ఈసారి కాస్త పెద్ద అక్షరాలతో.