బంతి పైన ఆగినప్పుడు

అనంతపురం

చిట్టితల్లీ,

నిన్న ఫోన్‌లో నువ్వు చెప్పిన ప్రశ్న రాత్రంతా మనసులో తిరిగింది. పైకి విసిరిన బంతి శిఖరాన ఉన్నప్పుడు త్వరణం ఎంత అని అడిగితే సున్నా అని రాశావు, మార్కులు పోయాయి. ముప్పై ఏళ్లు బళ్లో ఫిజిక్స్ చెప్పాను. ఏటా చాలామంది పిల్లలు అదే రాసేవాళ్లు. తెలివిలేక కాదమ్మా. బంతి ఆగినట్టు కళ్లకు కనిపిస్తుంది, ఆగినదానికి త్వరణం ఎక్కడిదనిపిస్తుంది.

ఫార్ములాలు కాసేపు పక్కన పెట్టి రెండు ప్రశ్నలు విడివిడిగా వేసుకో. ఇప్పుడు ఎంత వడితో, ఎటు పోతోంది? అది వేగం. ఆ వేగం సెకండుకు ఎంత మారుతోంది? అది త్వరణం. మొదటిదానికి జవాబు సున్నా అయితే రెండోదానికీ సున్నా రావాలని లేదు.

మన మిద్దె పక్కన నిలబడి బంతిని సెకండుకు 9.8 మీటర్ల వేగంతో నిట్టనిలువుగా విసిరావనుకో. పైకి ప్లస్, కిందికి మైనస్. గాలి అడ్డుకోవడం లెక్కలోకి తీసుకోవద్దు. అర సెకండుకు వేగం 4.9. ఒక సెకండుకు సున్నా, అదే శిఖరం. ఒకటిన్నరకు మైనస్ 4.9. రెండు సెకండ్లకు నీ చేతిలో పడేటప్పుడు మైనస్ 9.8. వరుసగా రాసి తీసివేసి చూడు. ప్రతి అర సెకండుకూ 4.9 తగ్గుతూనే ఉంది, శిఖరం దగ్గర కూడా. అంటే త్వరణం అంతటా మైనస్ 9.8. అక్కడ త్వరణం నిజంగానే సున్నా అయ్యుంటే, ఉన్న వేగమూ లేదు, మారేదీ లేదు, బంతి మిద్దె పైన గాల్లో అలాగే నిలిచిపోవాలి. భూమి దాన్ని లాగడం ఒక్క క్షణం కూడా మానదు తల్లీ.

మైనస్ త్వరణం అంటే స్లో అవడమే అని బట్టీ పట్టకు. నాకు పదో తరగతిలో అలాగే చెప్పారు. కాలేజీకి పోయాక ఆ మాటను మనసులోంచి తీసేయడానికి చాలా కష్టపడ్డాను. కిందికి దిగే బంతికి త్వరణం మైనస్సే, కానీ వడి పెరుగుతోంది కదా! వేగానికీ త్వరణానికీ గుర్తు ఒకటే అయితే వడి పెరుగుతుంది, వేరైతే తగ్గుతుంది.

ఈసారి కర్నూలు నుంచి బస్సులో వచ్చేటప్పుడు ముందు సీట్లో కూర్చో. తిన్నటి రోడ్డు మీద డ్రైవరు ముందున్న స్పీడోమీటరు ముల్లు గంటకు 72 కిలోమీటర్ల దగ్గర కదలకుండా ఉంటే త్వరణం లేదు, నీ ఒంటికి ఏమీ తెలియదు. ఇక్కడ టవర్ క్లాక్ దగ్గర మలుపు తిరిగేటప్పుడు ముల్లు 20 మీదే ఉన్నా పక్కకు ఒరుగుతావు. దిక్కు మారింది కాబట్టి వేగం మారింది. మనం మాటల్లో వడినీ వేగం అనే అంటాం, పరీక్షలో మాత్రం ఆ రెండూ వేరు.

లెక్క చేసేముందు 72ను 3.6తో భాగించడం మరిచిపోకు, సెకండుకు 20 మీటర్లు వస్తుంది. ఆ బస్సు 5 సెకండ్లలో ఆగితే త్వరణం మైనస్ 4 మీటర్లు పర్ సెకండు స్క్వేర్. దాన్ని ‘ప్రతి సెకండుకూ వేగం నాలుగేసి తగ్గింది’ అని పైకి చదువుకో, సెకండు స్క్వేర్ అంటే భయం పోతుంది.

బంతి లెక్కను గ్రాఫ్ కాగితం మీద గీసి ఉంచు, అడ్డంగా కాలం, నిలువుగా వేగం. ఒకే వాలు గీత రావాలి. సున్నాను దాటేచోట అది వంగిందంటే ఎక్కడో తప్పు చేశావన్నమాట. ఆదివారం పొద్దున ఫోన్ చేస్తాను, మీ జేజి కూడా మాట్లాడుతుందట.

మీ తాత