మందుపూత స్టెంట్ వేశారు.. పన్ను తీయించుకోవచ్చా?

ప్రశ్న: మాది మిర్యాలగూడ దగ్గరి పల్లె. వరి పండిస్తాను. వయసు 58. గుండెపోటు రావడంతో ఐదు నెలల కిందట మందుపూత స్టెంట్ వేశారు. రక్తం గడ్డకట్టకుండా ఇచ్చిన రెండు రకాల మాత్రలు ఏడాది పాటు ఆపవద్దన్నారు. ఇప్పుడు పన్ను తీయించుకోవాలి. మాత్రలు ఆపాలని తెలిసినవారు అంటున్నారు. రక్తనాళం త్వరగా మానే కొత్త పూతల స్టెంట్లు వచ్చాయట. నాది మార్పించుకోవచ్చా?

జవాబు: ముందు పన్ను సంగతి. మాత్రలు మీ అంతట మీరు ఆపకండి. పన్ను తీసినచోట రక్తం కారితే దూది అదిమి, అవసరమైతే కుట్టు వేసి ఆపవచ్చు. స్టెంట్‌లో గడ్డ కడితే అంత తేలిగ్గా పోదు. పంటి డాక్టరుకు స్టెంట్ కార్డు చూపించి, మీ గుండె డాక్టరుతో ఫోనులో మాట్లాడించండి.

స్టెంట్‌ను తీసి మార్చడం ఉండదు. ఈపాటికి అది నాళం గోడలో కలిసిపోతూ ఉంటుంది.

నాటు వేశాక నారు మూన తిరగాలని మీకు నేను చెప్పనక్కరలేదు. స్టెంట్ తీగల మీద కూడా నాళపు లోపలి పొర అలాగే కొత్తగా కమ్ముకోవాలి. పూత లేని పాత స్టెంట్లలో కణజాలం కలుపులా అతిగా పెరిగి, 100 మందిలో 20–30 మందికి దారి మళ్లీ పూడుకునేది. 2002–03లో వాడుకలోకి వచ్చిన మందుపూత ఆ పెరుగుదలను అణిచింది. అయితే కలుపుమందు నారుకూ తగిలినట్టు, కావలసిన పొర రావడమూ ఆలస్యమైంది. పైగా మందు అయిపోయాక కూడా దాన్ని పట్టి ఉంచిన పాలిమర్ (ప్లాస్టిక్ లాంటి పదార్థం) అక్కడే ఉండిపోయి, కొందరిలో వాపు పుట్టించేది. పొర కప్పని తీగల మీద ఏడాది దాటాక కూడా గడ్డలు కట్టడం 2006 నాటికి మా వైద్యులందరినీ కలవరపెట్టింది.

అందుకే పూత మార్చారు. కొన్నింటిలో పాలిమర్ కొద్ది నెలల్లో కరిగిపోతుంది. కొన్నింటికి గోడ వైపు మాత్రమే పూస్తారు. కొన్నింటిలో పాలిమరే ఉండదు. రక్తంలోని కణాలను పట్టి పొరను త్వరగా అల్లించాలని యాంటీబాడీల (ఎంచిన కణాలకే అతుక్కునే ప్రోటీన్ల) పూతా వేసి చూశారు, అది ఆశించినంత ఫలితం ఇవ్వలేదు. నన్నడిగితే, పూత ఎంత మేలు చేసిందో తీగ సన్నబడటమూ అంతే చేసింది. అప్పట్లో తీగ మందం 140 మైక్రాన్లు (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు), ఇప్పుడు చాలావాటిలో 60–80. ఇప్పుడు వేస్తున్నవి చాలావరకు ఇవే, మీదీ బహుశా ఈ తరానిదే.

మరి ఏడాది మాత్రలు ఎందుకంటే, అవి స్టెంట్ కోసమే కాదు. గుండెపోటు వచ్చినవారి మిగతా నాళాల్లోనూ చిట్లే అవకాశమున్న కొవ్వు పేరుకుని ఉండవచ్చు. రక్తస్రావం ముప్పు ఎక్కువైతే గడువు తగ్గిస్తాం, ఆ నిర్ణయం డాక్టరుదే. మలం నల్లగా వస్తే వెంటనే చెప్పండి. ఛాతీనొప్పి వస్తే 108కి ఫోను చేయండి. బీడీ సంగతి మీరు రాయలేదు. కాలుస్తుంటే ఈసారి పరీక్షకు వెళ్లినప్పుడు దాచకుండా చెప్పండి.