లోన్ సంగతి తర్వాత, ముందు ఆ బండి కిందకి దూరి చూశారా?

ఒక పాఠకుడు రాశారు, 8 ఏళ్లు వాడిన ఫోర్ బై ఫోర్ బండి (నాలుగు చక్రాలకీ ఇంజన్ శక్తి అందేది) ఒకటి బాగా నచ్చిందట, పెయింట్ మెరిసిపోతోందట, బండిని ఎత్తు పెంచే లిఫ్ట్ కిట్టు, పెద్ద టైర్లు అన్నీ వేసే ఉన్నాయట. 6 నెలల ఖర్చులకని దాచుకున్న ఎమర్జెన్సీ ఫండ్ మొత్తం ఊడ్చి ఇచ్చేసి, తక్కువైన దానికి పర్సనల్ లోన్ పెడతారట. ఓనరేమో రెండు రోజుల్లో తేల్చమంటున్నాడు. అడిగింది మాత్రం ఒక్కటే, లోన్ 3 ఏళ్లకి పెట్టుకోవాలా 5 ఏళ్లకా అని.

రెండూ వద్దండీ. బండి రేటే మొత్తం ఖర్చు అనుకుని చేతిలో ఉన్నదంతా అక్కడే పెట్టేసేవాళ్లు నా దగ్గరికి చాలామంది వస్తుంటారు, అందుకే ఇంత రాస్తున్నా. అందులోనూ రాళ్లలో, బురదలో, వాగుల్లో తిరిగిన బండికి దెబ్బలు పైకి కనపడవు, అన్నీ అడుగునే ఉంటాయి.

నా క్లయింట్ ఒకాయన ఇలాగే ఒక బండి మీద మనసు పడితే చూడ్డానికి నేనూ వెళ్లాను. మెకానిక్ కిందకి దూరి వెనక డిఫరెన్షియల్ (చక్రాలకి శక్తిని పంచే గేర్ల డబ్బా) ప్లగ్ విప్పి వేలు పెట్టి తీశాడు, ఆయిల్ పాలు కలిసినట్టు తెల్లగా వచ్చింది. అంటే నీళ్లు లోపలికి పోయాయన్నమాట, బేరింగులు ఎన్నాళ్ల నుంచి అలా నానుతున్నాయో ఎవరికి తెలుసు? పైన చూస్తే ఆ బండి కూడా మెరిసిపోతూనే ఉంది.

మీరూ ఒక మంచి మెకానిక్‌కి ఫీజు ఇచ్చి బండిని లిఫ్ట్ మీద పెట్టించండి. చాసిస్‌ని చిన్న సుత్తితో కొడుతూ పోతే గట్టి ఇనుము ఖంగుమంటుంది, తుప్పు తిన్న చోట మాత్రం మొద్దుగా వినిపిస్తుంది. అడుగున కొత్తగా నల్లటి కోటింగ్ కొట్టి ఉంటే తుప్పు దాచారేమోనని ఇంకా అనుమానించాలి. బండి నీళ్లలో మునిగిందేమో తెలియడానికి సీటు బెల్టు చివరిదాకా లాగి బురద మరక ఉందేమో చూడండి, కార్పెట్ ఎత్తి సీటు పట్టాలకి తుప్పు ఉందేమో చూడండి. ఇంజన్ చల్లగా ఉన్నప్పుడే స్టార్ట్ చేయించండి, స్టార్టింగ్ ఇబ్బంది ఉంటే అప్పుడే తెలుస్తుంది, మీరు వెళ్లేసరికే వేడిగా ఉంటే ఇంకో రోజు వస్తామని చెప్పి వచ్చేయండి. లో రేంజ్ (నెమ్మదిగా, ఎక్కువ బలంతో లాగే గేరు) పడుతుందో లేదో వదులు మట్టి మీద నడిపి చూడాలి, గట్టి రోడ్డు మీద వద్దు, గేర్ల మీద లోడు ఎక్కువ పడుతుంది. పెద్ద టైర్ల విషయం ఇంకోటి, మీటర్ సరిచేయించకపోతే చుట్టుకొలత 10 శాతం పెరిగిన బండి 100 కిలోమీటర్లు చూపిస్తే నిజంగా తిరిగింది 110. ఆ రీడింగ్ నమ్మి రేటు కట్టకండి.

ఇప్పుడు డబ్బు సంగతి. 14 శాతం వడ్డీకి 4 ఏళ్లకి 100 తీసుకుంటే ఈఎంఐల్లో దాదాపు 131 కడతారు, రోజురోజుకీ విలువ పడిపోయే బండి కోసం. సరే అదైనా భరించారనుకుందాం, మూడో నెలలో ట్రాన్స్‌ఫర్ కేస్ (ముందు, వెనక చక్రాలకి శక్తిని పంచే గేర్ బాక్స్) పోయిందనుకోండి, ఆ నెలలోనే ఉద్యోగం కూడా ఊగిందనుకోండి, అప్పుడు మీ చేతిలో ఏముంది? క్రెడిట్ కార్డు గీకుతారు, దాన్ని తీర్చడానికి ఇంకో లోన్. ఈ వరసలో ఇరుక్కున్నవాళ్లని చూసి చూసి నాకు ఓపిక పోయింది. ఎమర్జెన్సీ ఫండ్ ఉన్నది ఇంట్లో జీతం ఆగినప్పుడు పొయ్యి వెలగడానికి, బండికి కాదు. దాన్ని ముట్టుకోకండి. బండి కోసం వేరే పొదుపు మొదలుపెట్టండి, అందులో రేటులో కనీసం 20 శాతం రిపేర్లకని పక్కన ఉండాలి. అప్పటిదాకా మనసు ఆగదంటే ఎప్పుడైనా అద్దెకి తీసుకుని తిరగండి.

ఇన్సూరెన్స్ వాళ్లకి లిఫ్ట్ కిట్టు, టైర్ల సంగతి ముందే రాసి చెప్పాలి, లేకపోతే క్లెయిమ్ దగ్గర ఇబ్బంది పడతారు. ఇంజన్‌లోకి నీళ్లు పోతే కవర్ ఉందా అని కూడా అడగండి, చాలా పాలసీల్లో అది విడిగా తీసుకోవాలి.

మెకానిక్‌కి చూపిస్తానంటే ఓనర్ ఒప్పుకోకపోయినా, రెండు రోజులు దాటితే వేరేవాళ్లకి ఇచ్చేస్తానన్నా, ఇచ్చుకోనివ్వండి. ఒప్పుకుంటే చూపించి, రిపేర్ అంచనా కాగితం మీద రాయించుకుని, మీ నెల ఖర్చుల లెక్కతో కలిపి నాకు పంపండి, రేటు ఎంత తగ్గించమనాలో అప్పుడు చూద్దాం.