సి డ్రైవ్ జోలికి పోయే ముందు

తిరుపతి

చిన్నీకి మామయ్య ఆశీస్సులు.

రాత్రి అక్క ఫోను చేసింది. అప్‌డేట్ అయినప్పటి నుంచి మీ ఇంట్లో కంప్యూటర్ హ్యాంగ్ అవుతోందట, ఎవరికీ ఇవ్వకుండా ఆదివారం నువ్వే కూర్చుని ఫార్మాట్ చేస్తానన్నావట. నీ ధైర్యానికి ఎంత సంతోషించానో, ‘ఫార్మాట్’ అన్న మాటకు అంత గుండె జారింది. డ్రైవ్‌లో ఉన్నదంతా తుడిచిపెట్టుకుపోతుంది కదా. నిద్ర పట్టక లేచి రాస్తున్నాను.

తెర కదలనంత మాత్రాన కంప్యూటర్ చచ్చినట్టు కాదు. క్యాప్స్ లాక్ నొక్కి చూడు. కీబోర్డు మీది చిన్న దీపం వెలిగి ఆరుతుంటే లోపల ప్రాణం ఉంది. అప్పుడు విండోస్, కంట్రోల్, షిఫ్ట్ మీటలు పట్టుకుని బి నొక్కు. తెర ఒక్క క్షణం ఆరి మౌస్ మళ్లీ కదిలితే గ్రాఫిక్స్ డ్రైవర్‌ను, అంటే తెర మీది బొమ్మను నడిపే ప్రోగ్రామును, అనుమానించు. దీపమూ పలకకపోతే పవర్ బటన్ పది సెకన్లు నొక్కి పట్టి ఆపేయడమే. అప్‌డేట్ శాతాలు నడుస్తుంటే మాత్రం రెండు గంటలైనా ఆ బటన్ ముట్టుకోవద్దు.

2002లో బాలాజీ కాలనీలో నాకు డీటీపీ సెంటర్ ఉండేది. ఉన్నది ఒకటే కంప్యూటర్. విండోస్ 98 మీద ఎక్స్‌పీ ఎక్కించాను. రెండో రోజు నుంచే హ్యాంగ్ కావడం మొదలైంది. యూనివర్సిటీలో పరిశోధన చేస్తున్న ఒక అమ్మాయి సిద్ధాంత గ్రంథం, 240 పేజీలు, పేజ్‌మేకర్‌లో నేనే కొట్టాను. నా పనంతా డి డ్రైవ్‌లో భద్రంగా ఉందనుకున్నాను. చూసుకోలేదు. విండోస్ ఉండే సి డ్రైవ్ ఫార్మాట్ చేశాను. సాయంత్రం ఆ అమ్మాయి ఎర్ర సిరాతో దిద్దిన ప్రూఫుల కట్ట తెచ్చి బల్ల మీద పెట్టింది. ఫైలు కోసం వెతికితే లేదు. మై డాక్యుమెంట్స్‌లో పెట్టాను, అది ఉండేది సి లోనే.

ఆ అమ్మాయి నన్ను ఒక్క మాట అనలేదు. స్టూలు మీద కూర్చుని, కట్ట విప్పి, మొదటి పేజీ చదవడం మొదలుపెట్టింది. పదకొండు రాత్రులు ఆమె చదివింది, నేను కొట్టాను. వాళ్ల నాన్నగారు గుమ్మం బయట మెట్ల మీద తువ్వాలు కప్పుకుని కూర్చునేవారు. గడువు దాటిపోయింది. ఆలస్య రుసుము నేను కట్టాను, కానీ ఆ తండ్రి ముఖంలోకి సూటిగా చూడలేకపోయాను. కొన్నాళ్లకు అదే కంప్యూటర్ మళ్లీ హ్యాంగ్ అయింది. అప్పుడు తేలింది, డిస్‌ప్లే కార్డు డ్రైవర్ ఎక్స్‌పీకి సరిపడలేదని. దాన్ని మారిస్తే తీరిపోయేది. ఫార్మాట్ అవసరమే లేదు.

డెస్క్‌టాప్, డాక్యుమెంట్స్, పిక్చర్స్, డౌన్‌లోడ్స్ అన్నీ మామూలుగా ఇప్పటికీ సి లోనే ఉంటాయి చిన్నీ. తాతయ్య భారతం నాటకాల్లో పాడిన పద్యాలు మీ నాన్న క్యాసెట్ల నుంచి ఎక్కించింది ఆ కంప్యూటర్‌లోనే. క్యాసెట్లకు బూజు పట్టింది. ఇక ఆ గొంతు మరెక్కడా లేదు. ఇన్నాళ్లూ ఒక్క నకలైనా తీసి పెట్టనందుకు మీ అందరి మీదా కోపంగా ఉంది, నా మీదా ఉంది.

కాబట్టి మొదట లాగిన్ తెర దగ్గర షిఫ్ట్ పట్టుకుని రీస్టార్ట్ నొక్కు. ట్రబుల్‌షూట్‌లోంచి స్టార్టప్ సెట్టింగ్స్‌కు వెళ్లి, తప్పనిసరి డ్రైవర్లతో మాత్రమే నడిచే సేఫ్ మోడ్ తెరువు. డిస్కుకు తాళం వేసే బిట్‌లాకర్ అడిగితే 48 అంకెల తాళంచెవి కావాలి. మీ నాన్న మైక్రోసాఫ్ట్ ఖాతాలో ఉందేమో ముందే చూసి కాగితం మీద రాసిపెట్టు. పద్యాలు, ఫొటోలు బయటి డిస్కులోకి తీసి, వేరే కంప్యూటర్‌లో పెట్టి విను. పేరు కనిపిస్తే చాలదు, గొంతు వినిపించాలి. కంప్యూటర్ లోపలి డిస్కు టక్కుటక్కుమంటే ఆ క్షణమే ఆపి నాకు ఫోను చెయ్యి.

సేఫ్ మోడ్‌లో హ్యాంగ్ కాకపోతే తప్పు చాలావరకు డ్రైవర్‌ది. డివైస్ మేనేజర్‌లో రోల్ బ్యాక్ చెయ్యి, అంటే పాత డ్రైవర్‌కు వెనక్కి వెళ్లు. లాభం లేకపోతే చివరి అప్‌డేట్ తీసెయ్యి. విండోస్ వెర్షనే మారి ఉంటే పది రోజుల్లోపు వెనక్కి వెళ్లవచ్చు, అందుకే చోటు లేదని, పాత విండోస్ ఉండే విండోస్.ఓల్డ్ ఫోల్డర్ చెరిపెయ్యవద్దు.

ఆదివారం మొదటి బస్సుకు వస్తాను. మౌస్ ముట్టుకోను, పక్కన కూర్చుంటాను. నకలు తీశాక తాతయ్య పద్యం ఒకటి వినిపించు.

మామయ్య