ఒట్టి తునకలు తెలుసు, మరి పెమికన్ సంగతేంటి?

ప్రశ్న: మా వైపు జాతర అయ్యాక మిగిలిన మాంసం ఒట్టి తునకలు చేసి దాచేవాళ్లు. ఈ మధ్య కెనడా, అమెరికా ఆదివాసీల పెమికన్ గురించి చదివాను. మాంసం ఎండబెట్టి, దంచి, కొవ్వు కలిపితే ఏళ్ల తరబడి ఉంటుందట. మా అపార్ట్‌మెంట్ మేడ మీద ఎండబెట్టి చేసుకోవచ్చా?
– ఒక పాఠకురాలు, వేలచేరి, చెన్నై

జవాబు: చేసుకోవచ్చండి, మేడ మీద మాత్రం వద్దు. కాకులూ ఈగలూ ఎలాగూ ఉన్నాయి, వాటికంటే పెద్ద చిక్కు మన గాలి. పెమికన్ పుట్టింది ఉత్తర అమెరికా నడిమధ్య గడ్డి మైదానాల్లో. క్రీ, లకోటా తెగల ఆడవాళ్లు, ఆదివాసీ, యూరప్ సంతతులు కలిసిన మేటీ జనం ఆడవాళ్లు బైసన్ (అక్కడి అడవి దున్న) మాంసాన్ని పల్చటి పొరలుగా కోసి, కర్రల దండేల మీద వేసి, ఎండకీ పొడిగాలికీ, కావాలంటే కింద సన్నటి మంటకీ ఎండనిచ్చేవాళ్లు. చెన్నైలో మే నెల ఎండ ఎంత మండినా సముద్రపు తేమ వదలదు. రాయలసీమ ఎండలో గలగలలాడే ముక్క ఇక్కడ పైన గట్టిపడి లోపల మెత్తగా ఉండిపోతుంది, చెడిపోవడం ఆ మెత్తటి చోటే మొదలవుతుంది.

ఇంకో తేడా చాలామంది పట్టించుకోరు. ఒట్టి తునకల్ని మనం వేడినీళ్లలో నానబెట్టి, గోంగూరతోనో దోసకాయతోనో బాగా ఉడికించి తింటాం. పెమికన్‌ని ఉడికించకుండానే కొరుక్కుని తినడమూ ఉంది. అందుకే మా అమ్మమ్మ అలాగే చేసేది, ఎవరికీ ఏమీ కాలేదు అనే మాట ఇక్కడ చెల్లదు.

ఇంట్లో చేసే పద్ధతి ఇది. కొవ్వు లేని తొడ మాంసం తీసుకుని తెల్ల పొరలు, కొవ్వు అంతా తీసేయండి, ముక్కలోని కొవ్వు ఎండదు, కొన్నాళ్లకి పాత నూనె వాసన కొడుతుంది. కాసేపు ఫ్రీజర్‌లో పెట్టి గట్టిపడ్డాక కోస్తే పల్చగా తెగుతుంది, అర సెంటీమీటరు దాటనివ్వకండి. మరిగే ఉప్పునీళ్లలో వేసి, మాంసం లోపల 71 డిగ్రీల సెల్సియస్ వచ్చేదాకా ఉంచాలి. అసలైన పెమికన్‌లో సాధారణంగా ఉప్పు ఉండదు, ఇది మన జాగ్రత్త కోసం. వంట థర్మామీటర్ ఒకటి కొనుక్కోండి, పల్చటి ముక్కని దాని మొనకి చుట్టి చూస్తే సరి. ఎండాక వేడి చేద్దాంలే అనుకోవద్దు, ఎండిపోయిన క్రిములు వేడికి అంత తేలిగ్గా చావవు, తడిగా ఉన్నప్పుడే ఆ పని అయిపోవాలి. తర్వాత డీహైడ్రేటర్‌లో (వేడిగాలితో తిండిని ఎండబెట్టే కరెంటు పెట్టె) 60 డిగ్రీల దగ్గర ఎండబెట్టండి. ఓవెన్ కూడా పనికొస్తుంది, ఆవిరి పోయేలా తలుపు కొంచెం తెరిచి పెట్టాలి, కాకపోతే కొన్ని ఓటీజీలు అంత తక్కువ వేడికి దిగవు, అలాంటి దాంట్లో మాంసం ఎండదు, కాలుతుంది.

కూరకైతే ముక్క వంచినప్పుడు చీలితే చాలు. పెమికన్‌కైతే పుటుక్కున విరగాలి, రోట్లో దంచితే పొడి కావాలి. పీచులా సాగిందా, మళ్లీ లోపల పెట్టండి. కిలో మాంసం ఎండి పావుకిలో, మహా అయితే 300 గ్రాములు అవుతుంది, ధర చూసి గుండె ఆగకూడదని ముందే చెబుతున్నా.

ప్రశ్న: కొవ్వు బదులు నెయ్యి గానీ వేరుశనగ నూనె గానీ పోయొచ్చా? వెల్లుల్లి, నిమ్మరసం కూడా కలిపితే పచ్చడిలా రుచిగా ఉంటుంది కదా?
– ఒక పాఠకుడు, పెరంబూర్

జవాబు: నూనె గడ్డకట్టదు, నెయ్యి మన వేసవికి కరిగి కారుతుంది. మటన్ కొట్లో మూత్రపిండాల చుట్టూ ఉండే గట్టి కొవ్వు అడగండి, తమిళంలో కొళుప్పు అంటే వాళ్లకి అర్థమవుతుంది. సన్నని సెగ మీద కరిగించి బుడగలు ఆగేదాకా ఉంచాలి, అవి నీళ్లు ఆవిరయ్యే బుడగలే. వడగట్టి, కొంచెం చల్లారాక పొడిలో కలపండి. తూకానికి పొడి ఎంతో కొవ్వూ దాదాపు అంతే పడుతుంది, అయినా కొద్దికొద్దిగా పోస్తూ ముద్ద కట్టగానే ఆపేయండి.

వెల్లుల్లి, నిమ్మరసం మాత్రం అస్సలు వద్దు. పచ్చడిని పులుపూ ఉప్పూ కాపాడతాయి, దీన్ని కాపాడేది తేమ లేకపోవడమే. పచ్చి వెల్లుల్లితో తేమ లోపలికి వెళ్తుంది, దాని చుట్టూ కొవ్వు గాలి చొరకుండా మూసేస్తుంది, బొట్యులిజం (నరాలు పడిపోయి ప్రాణం మీదికి తెచ్చే విషం) తెచ్చే క్రిమికి కావాల్సింది సరిగ్గా అదే. కారం కావాలంటే మిరియాలో ఎండుమిర్చో వేయించి పొడి చేసి కలుపుకోండి. అది మన ఇంటి వంట అవుతుంది, తప్పేం లేదు, ఎవరికైనా పెట్టేటప్పుడు మాత్రం అసలైన పెమికన్ అని చెప్పకండి. వాళ్లు సస్కటూన్, చోక్‌చెర్రీ లాంటి పళ్లు బాగా ఎండబెట్టి కలపడం ఉంది. మనకి గింజ తీసి గలగలా ఎండబెట్టిన రేగుపళ్ల పొడి సరిపోతుంది. సూపర్‌మార్కెట్ క్రాన్‌బెర్రీలు చక్కెర పట్టించి మెత్తగా ఉంటాయి, అవి వద్దు.

ప్రశ్న: దీని గురించి చెప్పేదంతా నిజమేనా, లేక యూట్యూబ్ హడావుడా?

జవాబు: నిజమే, దీని కోసం మనుషులు చచ్చారు కూడా. కెనడాలో బొచ్చు తోళ్ల వ్యాపారంలో పడవలు నడిపేవాళ్లకి ఇదే తిండి, బైసన్ తోలు సంచిలో సుమారు 40 కిలోలు కుక్కి మోసుకెళ్లేవాళ్లు. 1814 జనవరిలో ఇప్పటి కెనడాలోని విన్నిపెగ్ దగ్గర ఉన్న రెడ్ రివర్ వలస గవర్నర్ మైల్స్ మెక్‌డొనెల్ పెమికన్ తమ ప్రాంతం దాటి పోకూడదని హుకుం జారీ చేశాడు. దాన్ని చేసి అమ్ముకునే మేటీలకి, కొనే తోళ్ల వ్యాపార సంస్థ నార్త్ వెస్ట్ కంపెనీకి కడుపు మండింది, గొడవ ముదిరి 1816లో సెవెన్ ఓక్స్ దగ్గర కాల్పుల్లో తర్వాతి గవర్నర్ రాబర్ట్ సెంపుల్‌తో సహా 20 మందికి పైగా చనిపోయారు. 1880ల నాటికి బైసన్ మందలే దాదాపు లేకుండా పోయాయి, వాటి మీద బతికిన జనాలకి ఆకలి మిగిలింది. సర్వైవల్ ఫుడ్ అని వీడియోలు చేసేవాళ్లలో చాలామంది ఈ భాగం ఎత్తరు.

ప్రశ్న: అలాస్కాలో చేప తలలు, సీల్ మాంసం గుంతలో పెట్టి పులియబెడతారట. ఎయిర్‌టైట్ డబ్బాలో చేసి చూడాలనుంది.

జవాబు: చూడకండి. అక్కడ పాత పద్ధతి గడ్డి పరిచిన గుంత, లేదా నేలలో దింపిన చెక్క పీపా, చుట్టూ చల్లటి నేల. వాటి బదులు ప్లాస్టిక్ బకెట్లూ మూత బిగించే సీసాలూ వచ్చి, వెచ్చటి చోట పెట్టడం మొదలయ్యాక ముప్పు పెరిగింది. జనాభా లెక్కన చూస్తే అమెరికాలో తిండి వల్ల బొట్యులిజం ఎక్కువగా వచ్చే రాష్ట్రం అలాస్కాయే. తరాలుగా చేస్తున్నవాళ్లకే అలా అయితే మన వంటింట్లో 32 డిగ్రీల వేడిలో ఏమవుతుందో ఆలోచించండి. ఎక్కడ ఏ నిల్వ మాంసం తిన్నా సరే, తర్వాత చూపు రెండుగా కనబడటం, మాట తడబడటం, మింగలేకపోవడం ఉంటే తెల్లారేదాకా ఆగకుండా ఆసుపత్రికి వెళ్లండి.

ప్రశ్న: పెమికన్ చేశాక ఎన్నాళ్లు దాచుకోవచ్చు?

జవాబు: ఏళ్ల తరబడి అన్న లెక్క చల్లటి పొడి దేశానిది. ఇక్కడ చిన్న బిళ్లలుగా చేసి, కాగితం చుట్టి, ఫ్రీజర్‌లో పెట్టండి, తినే రోజు ఒక్కోటి తీసుకోండి. బూజు కనిపిస్తే గీకి తినొద్దు, మొత్తం పారేయండి. అక్టోబర్ నుంచి డిసెంబర్ దాకా వానల్లో డీహైడ్రేటర్‌లో పెట్టినా ఎండడానికి బాగా ఆలస్యమవుతుంది, మొదటిసారి చేసేవాళ్లు జనవరి దాటాక, అదీ పావుకిలో మాంసంతో మొదలుపెట్టండి.