విశాఖలో ఫ్లాట్ కొనడానికి మనకంటూ వేరే ఏజెంటు ఉండాలా?

"బిల్డరు తరఫు మనిషే లోను నుంచి రిజిస్ట్రేషను దాకా అన్నీ చూస్తానంటుంటే ఇంకొకరికి డబ్బులెందుకు దండగ" అని కదా మీ ప్రశ్న. చూస్తాడండీ, కాదనను. ఎవరి కోసం చూస్తాడన్నదే లెక్క.

90 లక్షల ఫ్లాట్ మీద 2 శాతం కమీషనంటే 1,80,000. మీరు గట్టిగా బేరమాడి రెండు లక్షలు తగ్గిస్తే అతనికి పోయేది 4,000. కానీ బేరం సాగి సాగి మీరు మనసు మార్చుకుంటే మొత్తం పోతుంది. అందుకే అతని తొందరంతా ఈ రోజే టోకెన్ కట్టించడం మీద ఉంటుంది.

అసలు మోసపోయేది ఆ టోకెన్ దగ్గరే. ఆదివారం మధురవాడలోనో కొమ్మాదిలోనో సైటు చూపిస్తారు. "ఈస్ట్ ఫేసింగ్ ఇదొక్కటే మిగిలింది సార్, సాయంత్రం ఇంకో పార్టీ వస్తున్నారు" అంటారు. ఇంట్లోవాళ్లు మొహాలు చూసుకుంటారు, యూపీఐలో లక్ష వెళ్లిపోతుంది. చేతికొచ్చే స్లిప్పు మీద పేరు, మొత్తం, తేదీ. ఒక్కోసారి ఫ్లాట్ నంబరు కూడా ఉండదు. పది రోజులకి లాయరు "లింకు డాక్యుమెంటు (పాత యజమానుల నాటి దస్తావేజు) ఒకటి లేదు" అన్నాడనుకోండి, ఆ లక్ష తిరిగొస్తుందని ఎక్కడా రాసి లేదు.

మీ మనిషి పక్కనుంటే ముందు కాగితం, తర్వాత డబ్బు. ఫ్లాట్ నంబరు, కార్పెట్ ఏరియా (గోడల మధ్య లోపల వాడుకునే చోటు), యూడీఎస్ (స్థలంలో మీ వాటా) ఎన్ని గజాలు, పార్కింగ్ నంబరు, నిర్వహణకి కట్టించుకునే కార్పస్ ఫండ్‌తో సహా మొత్తం ధర రాయిస్తాడు. లీగల్ ఒపీనియన్ సరిగ్గా రాకపోయినా, బ్యాంకు లోను ఇవ్వకపోయినా ఇన్ని రోజుల్లో పూర్తిగా వాపసు అన్న ముక్క తప్పకుండా పెట్టిస్తాడు. బిల్డర్లని, ఏజెంట్లని నియంత్రించే రెరా చట్టం ప్రకారం, అగ్రిమెంటు రిజిస్టర్ చెయ్యకుండా బిల్డరు ధరలో 10 శాతానికి మించి తీసుకోకూడదు. ఆ మాట బిల్డరు మనిషి నోట వినడం కష్టం.

కొలతలు కూడా టేపు పెట్టి చూడాలి. 1,500 చదరపు అడుగులని 6,000 చొప్పున అమ్మిన ఫ్లాట్‌లో లోపల వాడుకునేది 1,080 వచ్చిందంటే, అసలు రేటు 8,333 అన్నమాట. రెండు ప్రాజెక్టులు పోల్చేటప్పుడు ఈ అంకెతోనే పోల్చండి.

ఈసీ (ఆస్తి మీద రిజిస్టరైన లావాదేవీల జాబితా) విషయంలో చాలామంది ఫ్లాట్ నంబరుతో తీసి ఊరుకుంటారు. సర్వే నంబరుతో కూడా తియ్యాలి, నిషేధిత భూముల 22-ఏ జాబితాలో ఆ నంబరు ఉందేమో చూడాలి. రిజిస్టర్ కాని అగ్రిమెంట్లు, కోర్టు కేసులు ఈసీలో కనపడవు. బిల్డరు, స్థలం ఓనరు వాటాలు పంచుకున్న అపార్ట్‌మెంట్ అయితే మీ ఫ్లాట్ ఎవరి వాటాలోదో సప్లిమెంటరీ అగ్రిమెంటు (ఎవరికి ఏ ఫ్లాట్లో రాసుకున్న కాగితం) చూసి తేల్చుకోవాలి. ఇంకొకటి, ప్లాను ఇచ్చేటప్పుడు జీవీఎంసీ (విశాఖ నగరపాలక సంస్థ) కొంత బిల్టప్ ఏరియాని కింది అంతస్తుల్లో తనఖా పెట్టించుకోవచ్చు. ఓసీ (కట్టడం పూర్తయ్యాక అందులో ఉండడానికి ఇచ్చే అనుమతి) వచ్చాకే విడుదల. మీరు ముచ్చటపడ్డ ఫస్ట్ ఫ్లోర్ ఫ్లాట్ అందులోదేనేమో అడిగారా?

అడవివరం, వేపగుంట వైపు అయితే సింహాచలం దేవస్థానం పంచగ్రామాల (ఐదు ఊళ్ల) భూములు ఎవరివన్న గొడవ ఉంది. "త్వరలో రెగ్యులరైజ్ అయిపోతుంది" అన్నవాడి మాట మీద అక్కడ రూపాయి పెట్టకండి. మీ ఏజెంటు పనికొచ్చేవాడైతే కారెక్కకముందే ఈ సంగతి చెప్తాడు.

లాసన్స్ బే, పెద వాల్తేరు లాంటి బీచ్ పక్క పాత ఫ్లాట్లకి కాగితాల కన్నా ఇనుము ముఖ్యం. పార్కింగ్ శ్లాబు అడుగున, బాల్కనీ అంచుల్లో తుప్పు చారలు, పెచ్చులూడిన చోట్లు చూడాలి. ఉప్పుగాలికి లోపలి చువ్వ ఉబ్బి కాంక్రీటుని పగలగొడుతుంది. పైన కొత్త రంగు వేస్తే కొన్నాళ్లు కనపడదు. 2014 అక్టోబరు హుద్‌హుద్‌కి ముందు కట్టినదైతే కిటికీలు మార్చారా, గోడల్లోంచి నీరు దిగిందా అని వాచ్‌మన్‌ని అడగండి, ఓనరుని కాదు. బోరు నీళ్లు ఉప్పగా ఉన్నాయేమో నోట్లో పోసుకుని చూడండి.

పార్కింగ్ పేరుతో జరిగే దోపిడీ గురించి వేరే రాయాలి. ఓపెన్ పార్కింగ్ చట్టప్రకారం అందరిదీ. దానికి గీత గీసి లక్షలకి అమ్ముతున్నారు, మనం కొంటున్నాం.

ఇక ఫీజు. మీ ఏజెంటుకి శాతం లెక్కన ఇచ్చారో, ధర పెరిగితే అతనికీ లాభమే. పని చూసి ఒక మొత్తం మాట్లాడుకోండి. అడ్వాన్సుగా పావు వంతు, అగ్రిమెంటు నాడు సగం, రిజిస్ట్రేషను రోజు మిగతాది. కాగితాలు బాగాలేక కొనొద్దని చెప్పినా పావు వంతు అతనిదే, లేకపోతే వద్దని చెప్పడానికి నోరు రాదు. అవతలివాళ్ల దగ్గర కమీషను తీసుకోనని రాసి సంతకం పెట్టమనండి. కొత్త ప్రాజెక్టయితే రెరా ఏజెంటు నంబరు అడగండి. ఈ రెండిట్లో దేనికి నసిగినా ఇంకొకరిని చూసుకోండి. లీగల్ ఒపీనియన్‌కి మాత్రం లాయరు వేరే ఉండాలి, అదీ ఏజెంటు చూపించిన లాయరు కాకూడదు.