గోండి వెబ్‌సైట్ పెడితే ఉద్యోగం వస్తుందా?

ప్రశ్న: మాది ఉట్నూరు ఏజెన్సీ. రాజ్‌గోండులం. బీఏ రెండో ఏడాది చదువుతున్నాను. మా పాటలు, గోండి రాసే గుంజాల లిపి, మా నాగోబా దేవుడి జాతర గురించి పిల్లలు నేర్చుకునేలా వెబ్‌సైట్ పెట్టాలని ఉంది. దీన్నే వృత్తిగా చేసుకోవచ్చా? ఏం చదవాలి?

జవాబు: వెబ్‌సైట్ మీద వచ్చే డబ్బుతో ఇల్లు గడవదు. దాన్ని తయారుచేస్తూ నేర్చుకునే పనికి మాత్రం గిరాకీ ఉంది. శుభ్రంగా రికార్డు చేయడం, విన్నది విన్నట్టు రాయడం, అనువదించడం, ఎవరు అడిగినా దొరికేలా ఫైళ్లు సర్దడం వచ్చి, పైగా గోండి ఇంటిభాష అయినవాళ్లు చాలా అరుదు. 2011 జనగణన లెక్కల్లో గోండి మాట్లాడేవారు 29 లక్షల పైచిలుకు. కేంద్ర గిరిజన వ్యవహారాల శాఖ 2025లో తెచ్చిన ఆది వాణి అనువాద యాప్‌లోనూ గోండి ఉంది. కానీ అది ఛత్తీస్‌గఢ్ గోండి. ఆదిలాబాద్ మాట యంత్రానికి అర్థం కావాలంటే ఇక్కడివాళ్లే మాట్లాడి, రాసి ఇవ్వాలి.

కెమెరా కొనే ముందు అనుమతుల సంగతి చూడండి. ఇలాంటి ప్రాజెక్టులు ఎక్కువగా చెడేది ఇక్కడే. కేస్లాపూర్ జాతరలో అధికారులు జనం సమస్యలు వినే నాగోబా దర్బారును వీడియో తీయడం వేరు, మహాపూజనో కొత్త కోడళ్లను దేవుడికి పరిచయం చేసే భేటింగ్‌నో తీయడం వేరు. రెండోదానికి ఆ పూజలు జరిపే మేస్రం వంశం పెద్దలు ఒప్పుకోవాలి. పాటల విషయంలో ఇంకో మెలిక ఉంది. గోండుల వంశగాథలను కీక్రి అనే తీగ వాద్యం వాయిస్తూ పాడేది ప్రధాన్ తెగవాళ్లు. పాట మీ వంశానిదే అయినా పాడిన గొంతు వాళ్లది. కాబట్టి పేరు వేయాలి, పారితోషికం ఇవ్వాలి. 'ఊరివాళ్లు మాత్రమే వినాలి' అని వాళ్లంటే బయట పెట్టకూడదు. ఊరి పెద్ద పటేల్‌ను, గోండుల పెద్దల పంచాయతీ అయిన రాయిసెంటర్‌కు పెద్దగా ఉండే సార్‌మేడిని ముందే కలవండి. ఒప్పుకోలు కాగితం మీద ఒక్క సంతకంతో సరిపెట్టకండి. రికార్డు చేయడానికి, ఊళ్లో వినిపించడానికి, ఇంటర్నెట్‌లో పెట్టడానికి విడివిడిగా అడగండి. చదువు రానివాళ్లయితే గోండిలోనే అడిగి, వాళ్ల జవాబును ఆడియోగా దాచండి. ఇతరులు వాడుకోవడానికి ముందే అనుమతి ఇచ్చే క్రియేటివ్ కామన్స్ లైసెన్సుతో ఒకసారి బయటపెట్టిన పాటకు ఆ లైసెన్సును తర్వాత వెనక్కి తీసుకోలేరు. వికీపీడియాకు ఫొటోలు, ఆడియోలు అందించే వికీమీడియా కామన్స్‌లో పెడితే ఎవరైనా వ్యాపారానికి కూడా వాడుకోవచ్చు. అది కూడా వాళ్లకు ముందే చెప్పాలి.

ఎవరికి ఏది కనిపించాలో మీరే నిర్ణయించే ఉచిత సాఫ్ట్‌వేర్ ముకుర్తు. ఆస్ట్రేలియాలోని వారుముంగు ఆదివాసుల అవసరం నుంచి పుట్టింది. పెద్దల ఫొటోలు ఎవరు చూడొచ్చు, ఎవరు చూడకూడదు అన్న కట్టుబాట్లు అందులో అమర్చుకోవచ్చు. కెనడాలోని బ్రిటిష్ కొలంబియా ఆదివాసుల ఫస్ట్‌వాయిసెస్ కూడా చూడండి. అక్కడ మాట పక్కనే దాని ఉచ్చారణ వినిపిస్తుంది, ఏది బయటికి పెట్టాలో ఆ జాతివాళ్లే తేల్చుకుంటారు. పిల్లల పాఠాలకు ఈ పద్ధతే తేలిక.

రికార్డింగ్‌కు ఖరీదైన సామాను అక్కర్లేదు. ఫోనుకు కాలర్ మైకు తగిలించి, నోటికి జానెడు దూరంలో పెట్టండి. వేవ్ ఫార్మాట్, 48 కిలోహెర్ట్జ్, 24 బిట్, మోనో చాలు. గంటకు సుమారు 520 ఎంబీ అవుతుంది. ఫ్యాను ఆపండి. ఆరుబయటైతే మైకుకు బొచ్చు తొడుగు వేయండి, గాలి హోరును తర్వాత ఏ సాఫ్ట్‌వేరూ పూర్తిగా తీయలేదు. వాట్సాప్‌లో పంపించుకున్న ఆడియోను మూలప్రతిగా దాచకండి, కుదించడంలో శబ్దం పోతుంది. ఫైలు పేరులో తేదీ, ఊరు, మాట్లాడినవారి సంకేతం ఉండాలి: '20260114_కేస్లాపూర్_ప్ర02' అన్నట్టు. మూడు కాపీలు తీసి, ఒకటి వేరే ఊళ్లో ఉంచండి. రాతకు ఎలాన్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ వాడండి, అందులో శబ్దం తరంగం కింద వరుసగా గోండి, తెలుగు రాసుకోవచ్చు. మొదట్లో ఒక నిమిషం మాటకు గంట పట్టినా కంగారు పడకండి.

గుంజాల లిపి 2018లో యూనికోడ్‌కు, అంటే కంప్యూటర్లు అక్షరాలను గుర్తుపట్టే ఉమ్మడి కోడ్ల పట్టికకు చేరింది, దానికి నోటో అనే ఫాంటు ఉచితంగా దొరుకుతుంది. గోండికే ఉన్న మసరాం గోండి లిపి వేరే, దాని కోడ్లూ వేరే, కలపకండి. గుంజాల అక్షరాలకు నాలుగేసి బైట్లు కావాలి. సైట్ సమాచారం దాచే డేటాబేస్ పాత యూటీఎఫ్8 అక్షర పద్ధతిలో ఉంటే సేవ్ చేసేటప్పుడే తెగిపోతాయి, మైఎస్‌క్యూఎల్ డేటాబేస్ అయితే యూటీఎఫ్8ఎంబీ4 పద్ధతి ఎంచుకోవాలి. పాత ఫోన్లలో అక్షరాల బదులు డబ్బాలు కనిపిస్తాయి కాబట్టి ఫాంటును సైట్‌తో పాటే పంపండి. పక్కనే తెలుగు లిపిలోనూ రాయండి. లిపిని ఫొటోగా మాత్రం పెట్టొద్దు, వెతికితే దొరకదు.

ఇక చదువు. డిగ్రీ ఆపొద్దు. తర్వాత భాషాశాస్త్రం ఎంఏ హైదరాబాద్ విశ్వవిద్యాలయంలో, ఉస్మానియాలో ఉంది. మొదటిదానికి సీయూఈటీ పీజీ, రెండోదానికి సీపీగెట్ ప్రవేశ పరీక్ష రాయాలి. గ్రంథాలయ శాస్త్రమూ మంచి దారే, సేకరణల్లో పని దొరకడానికి అది దగ్గరి తోవ. పీహెచ్‌డీకి వెళ్తే ఎస్టీ విద్యార్థులకు నేషనల్ ఫెలోషిప్ ఉంది. ప్రాజెక్టు అసిస్టెంట్ కొలువులు మాత్రం తరచూ కాంట్రాక్టువే, ప్రాజెక్టుతో పాటే ముగుస్తాయి. ఇంట్లో మీ సంపాదన మీద ఆశ ఉంటే బీఈడీనో గ్రూప్స్‌నో తోడుగా ఉంచుకోవడం తెలివైన పని.

ఈ ఏడాదిలో అరగంట ఆడియో, దాని పూర్తి రాత, తెలుగు అనువాదం, ఒప్పుకోలు పత్రాలు సిద్ధం చేయండి. ఇంటర్వ్యూలో సైట్ హంగులకన్నా ఇవే ఎక్కువ పనికొస్తాయి. సీయూఈటీ పీజీ దరఖాస్తులు డిసెంబరు, జనవరి ప్రాంతంలో మొదలవుతుంటాయి. కుల ధ్రువపత్రం ఇప్పుడే తీసి పెట్టుకోండి.